ఉస్మానియా కోసం సింహపురి ఎక్కాం

మా బావమరిది కావలిలో బేకరీ పెడతానని ఆరు నెలలుగా అంటున్నాడు. షాపుకు అడ్వాన్సు కట్టేశాడు, బోర్డు మీద రాయించే పేరు కూడా ఖాయం చేసుకున్నాడు. ఏమి అమ్మాలన్నది మాత్రం తేల్చుకోలేదు. మన ఊళ్ళలో వీధికొక అయ్యంగార్ బేకరీ ఉండనే ఉంది. ఎగ్ పఫ్, క్రీమ్ బన్ను, దిల్‌పసంద్, సాయంత్రమైతే పుట్టినరోజు ఇళ్ళకు అరకిలో కూల్ కేక్. ఎవరి అద్దాల బీరువాలో చూసినా అవే. "ఉస్మానియా లాంటి హైదరాబాద్ బిస్కెట్లు మన దగ్గరే చేసి వేడివేడిగా అమ్మితే ఎలా ఉంటుంది బావా?" అని అడిగాడు. తిని చూడకుండా ఏం చెప్పను? పదమన్నాను.

నేను నెల్లూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వాడు కావలిలో ఎక్కాడు, చేతిలో నాలుగు ఖాళీ స్టీలు డబ్బాలతో. హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు ఇంటి నుంచి పచ్చళ్ళు మోసుకెళ్ళడం చూశాను గానీ ఖాళీ డబ్బాలు మోసుకెళ్ళేవాణ్ణి అప్పుడే చూశాను. కొన్నవాటిని అట్టపెట్టెల్లో తెస్తే దారిలో గాలి తగిలి మెత్తబడతాయట, ఒక్కో షాపు సరుకు ఒక్కో డబ్బాలో మూత బిగించి తేవాలట. రైలు గురించి చెప్పాలంటే, మన వాళ్ళకు ఇంతకన్నా సుఖమైన దారి లేదు. రాత్రి పడుకుంటే తెల్లవారేసరికి సికింద్రాబాద్. బస్సు అయితే నడుము లెక్క తేల్చుకోవాలి.

స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఆల్ఫా హోటల్. రైలు దిగినవాళ్ళూ ఎక్కబోయేవాళ్ళూ అందరూ ఒకసారి లోపలికి దూరే చోటు అది. వెన్న రాసిన బన్ను, ఇరానీ చాయ్ తీసుకున్నాం. డికాక్షన్‌ను మూతపెట్టి సన్నని సెగ మీద ఉంచుతారు, పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరుగుతుంటాయి, రెండూ కప్పులో కలుస్తాయి. నేను కాఫీ మనిషిని. మొదటి గుక్కకు పాయసంలా అనిపించింది. ఆ తీపికి, చిక్కదనానికి పక్కన కొంచెం ఉప్పగా ఉండే ఉస్మానియా బిస్కెట్టు ఎందుకు కావాల్సి వచ్చిందో మాత్రం అక్కడే అర్థమైంది. బన్ను మామూలుగా ఉంది. నిద్ర కళ్ళతో, ఆకలితో ఉన్నవాడికి బాగుంటుంది.

బస నాంపల్లిలో. ఫోనులో బొమ్మలు చూసి కుదుర్చుకున్న లాడ్జి అది, రోజుకు 1,400 రూపాయలు. బొమ్మలో కిటికీ ఉంది. గదిలోనూ ఉంది. తెరిస్తే పక్క భవనం గోడ జానెడు దూరంలో కనిపించింది. వేడినీళ్ళు ఆరు నుంచి ఏడు వరకే అని కౌంటరులో కూర్చున్నాయన చెప్పేసరికి ఏడుం పావు. పైగా "ఇద్దరైతే అదనం" అని ఇంకో 300 రాయబోయాడు. బావమరిది కాసేపు వాదించి దాన్ని కొట్టేయించాడు. రెండో రోజు లక్డీకాపూల్ వైపు ఇంకో చోటికి మారాం. 1,900 అయినా గాలి, వెలుతురు ఉన్నాయి, మెట్రో స్టేషన్ నడక దూరం. మొదటిరోజే అక్కడికి వెళ్ళి ఉండాల్సింది. నాంపల్లి, లక్డీకాపూల్ రెండూ ఎర్ర లైను మీదే ఉన్నాయి కాబట్టి తిరగడానికి ఇబ్బంది లేదు. పాతబస్తీకి మాత్రం మెట్రో లేదు. మహాత్మా గాంధీ బస్‌స్టేషన్ దగ్గర దిగి ఆటో చూసుకోవాలి.

మధ్యాహ్నం మొజంజాహీ మార్కెట్‌కు వెళ్ళాం. 1935లో కట్టిన రాతి కట్టడం, మీద గడియారం. నిజాం రెండో కుమారుడి పేరు పెట్టారు. కరాచీ బేకరీ పుట్టింది ఈ మార్కెట్ దగ్గరే, 1953లో. దేశ విభజనప్పుడు కరాచీ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ అనే సింధీ పెద్దమనిషి మొదలుపెట్టి, వదిలి వచ్చిన ఊరి పేరే పెట్టుకున్నారు. హైదరాబాద్ నుంచి ఎవరు వచ్చినా మనకు తెచ్చే పెట్టె ఇక్కడిదే కాబట్టి రుచి ముందే తెలుసు. ఫ్రూట్ బిస్కెట్టులో ఎరుపు, పసుపు ముక్కలు ఏ పండువో అని చిన్నప్పుడు నాకు పెద్ద అనుమానం. పచ్చి బొప్పాయి ముక్కలను పంచదార పాకంలో ఊరబెట్టి రంగు వేస్తారని బావమరిది ఇప్పుడు చెప్పాడు. నాకు జీడిపప్పు బిస్కెట్టే ఎక్కువ నచ్చింది. పెట్టెలు శుభ్రంగా కట్టి ఉంటాయి, బంధువులకు ఇవ్వడానికి మర్యాదగా ఉంటాయి. అక్కడికక్కడ నిలబడి తినడానికి కాదు, ఊరికి తీసుకెళ్ళడానికి వెళ్ళాల్సిన చోటు ఇది.

సాయంత్రం రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి దగ్గర ఉన్న నీలోఫర్ కేఫ్. జనం రోడ్డు మీదికి వచ్చి నిలబడి తాగుతున్నారు. మలై బన్ను చూసి మా వాడి కళ్ళు పెద్దవయ్యాయి. బన్నును అడ్డంగా కోసి మధ్యలో మీగడ దట్టంగా పట్టిస్తారు. మలై అనగానే నెల్లూరు వాడికి గుర్తొచ్చేది కాజా. మలై కాజా తిన్న నాలుక ఈ బన్నును కొంచెం కఠినంగానే చూస్తుందని ముందే ఒప్పుకుంటాను. అయినా బాగుంది. ఉస్మానియా ఇక్కడ వెన్న వాసనతో, నోట్లో పెట్టగానే పొడిపొడిగా విడిపోయింది. ఒక డబ్బా నిండింది.

రెండో రోజు తెల్లవారుజామునే చార్మినార్‌కు బయల్దేరాం. ఆటో అతను 200 అడిగి 120కి వచ్చాడు. మొహర్రం నెల మొదటి రోజులు. పాతబస్తీలో అక్కడక్కడ నల్ల జెండాలు, రోడ్డు పక్కన మంచినీళ్ళ పందిళ్ళు. నిమ్రా కేఫ్ అండ్ బేకరీ చార్మినార్‌కు ఎదురుగా, మక్కా మసీదు పక్కన. ఆరింటికే గుంపు. అద్దాల వెనుక పళ్ళేలలో ఉస్మానియా, టై బిస్కెట్లు, కొబ్బరి బిస్కెట్లు, ఖారా. ఒక్కోటి చేతికిస్తారు, కిలోల లెక్కన కొనక్కర్లేదు. చేతిలో చాయ్, ఎదురుగా 1591 నాటి మినార్లు, వాటి మీద పావురాలు. నాలుగు బిస్కెట్లు తిన్నాక గానీ మాట్లాడుకోలేదు. అప్పుడే పొయ్యి నుంచి వచ్చిన పళ్ళెంలోది ఇంకా మెత్తగా, గోరువెచ్చగా ఉంది. వేడి తగ్గేకొద్దీ గట్టిపడుతుంది. ఏది గొప్ప అన్నదాని మీద మేమిద్దరం కొట్టుకున్నాం. నాకు ఆ వెచ్చదనమే గొప్ప. బిస్కెట్టు అన్నాక కరకరలాడాలన్నది వాడి వాదన.

ఉస్మానియా పేరు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. మొదట ఎవరు చేశారన్న కథ మాత్రం ఏ కొట్టులో అడిగితే ఆ కొట్టువాళ్ళది. అవన్నీ నవ్వుతూ వినాల్సినవే.

అక్కడి నుంచి సందుల్లోకి నడిచాం. బావమరిదికి షాపులకన్నా పొయ్యిల మీదే ధ్యాస. ఒక చిన్న బేకరీ ముందు ఆగి, తనూ బేకరీ పెడుతున్నానని తెలుగులోనూ, వచ్చీరాని హిందీలోనూ చెప్పుకున్నాడు. లోపలి మనిషి ఒకసారి మమ్మల్ని ఎగాదిగా చూసి రమ్మన్నాడు. ఈ ప్రయాణానికి అయిన ఖర్చంతా అక్కడే గిట్టింది.

ఇటుకల భట్టీ. నోరు చిన్నది, లోపల ఒక గదంత వెడల్పు. నిప్పులు పక్కకు లాగేసి, తడి గోనెపట్టా చుట్టిన పొడుగు కర్రతో అడుగంతా తుడిచాడు. చుయ్‌మని ఆవిరి లేచింది. తరువాత గుప్పెడు పిండి లోపలికి విసిరి దాని రంగు చూశాడు. వెంటనే నల్లబడితే ఇంకా ఆగాలి, నెమ్మదిగా గోధుమ రంగుకు తిరిగితే సరి. థర్మామీటరు ఏదని మా వాడు అడిగితే అతను తన మోచేయి చూపించి నవ్వాడు. భట్టీ బాగా కాగి ఉన్నప్పుడు ముందు బన్నులు, బ్రెడ్డు వెళ్తాయి. వేడి కాస్త దిగాక బిస్కెట్లు. అన్నీ అయ్యాక మిగిలిన సెగకు, కోసిన బ్రెడ్డు ముక్కలు రాత్రంతా ఎండి రస్కులవుతాయి. ఒక్కసారి రాజేసిన కట్టెలతో మూడు కాపులు. మా వాడు బేరమాడి పెట్టుకున్న కరెంటు ఓవెన్ గుర్తొచ్చి కాసేపు మౌనంగా ఉన్నాడు.

పిండి దగ్గర ఇంకో పాఠం. వెన్నా పంచదారా ముందు బాగా నురగ వచ్చేలా కలిపి, మైదా చివర వేసి చేతివేళ్ళతో అలా దగ్గరికి చేర్చి వదిలేశాడు. చపాతీ పిండిలా మర్దించబోయిన మా వాడి చేతిని పట్టుకుని ఆపాడు. పిసికితే మైదాకు జిగురు వస్తుంది, బిస్కెట్టు సాగుతుంది, విరగదు. కావలిలో ఇదివరకు వాడు చేసి మాకు పెట్టినవి ఎందుకు రబ్బరులా ఉన్నాయో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నేను పైకి అనలేదు.

మధ్యాహ్నం నాంపల్లి వైపు సుభాన్ బేకరీ. మొహర్రంలో ఇక్కడ జనం నిలబడేది దమ్ కే రోట్ కోసం. రవ్వ, గోధుమపిండి, నెయ్యి, పంచదార, బాదం, జీడిపప్పు కలిపి మందంగా కాల్చిన బిళ్ళ. బిస్కెట్టు అందామంటే బరువు, కేకు అందామంటే గట్టి. వరుస పొడుగ్గా ఉన్నా చకచకా కదిలింది. రోట్ అన్న మాట వినగానే మా ఇద్దరికీ ఒకటే తట్టింది. ఇదే మొహర్రానికి మన నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ. ఇక్కడ రోట్ కొనుక్కుని ఇంటికి తీసుకెళ్తారు, అక్కడ రొట్టె తెచ్చి ఎవరో తెలియనివాళ్ళ చేతిలో పెడతారు. రోట్ తినేటప్పుడు తొందరపడకూడదు. చిన్న ముక్క విరిచి నోట్లో ఉంచుకుంటే నెయ్యి నెమ్మదిగా దిగుతుంది. మొత్తం ప్రయాణంలో నాకు మనసుకు పట్టింది ఇదే. కాకపోతే మొహర్రం రోజుల్లో వెళ్తేనే దీని సందడి.

మూడో రోజు మా మేనకోడలు జూబ్లీహిల్స్ వైపు తీసుకెళ్ళింది. పులిసిన పిండి బ్రెడ్డు, పొరలు పొరలుగా విచ్చుకునే ఫ్రెంచి రొట్టెలు, చల్లని గదులు, మెత్తని సోఫాలు. బ్రెడ్డు నిజంగా బాగుంది, చేపల పులుసులో ముంచుకుంటే ఇంకా బాగుండేది అన్నాను. మేనకోడలు చుట్టూ చూసి "మెల్లగా మామయ్యా" అంది. బిల్లు చూశాక మెల్లగానే మాట్లాడాను. దారిలో ఇంకో చోట తిన్న చికెన్ పఫ్ ముందురోజుది, మైక్రోవేవ్‌లో వేడి చేసి ఇచ్చారు. పై పొర తోలులా సాగింది. పఫ్ పళ్ళెం ఎప్పుడు బయటికి వచ్చిందో అడిగి కొనాలి. ఈ మాట నెల్లూరు బేకరీలకూ వర్తిస్తుంది.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక. నాలుగు డబ్బాలు మా ఇంట్లో బల్ల మీద పెట్టి, షాపు పేర్లు రాసిన చీటీలు అడుగున అంటించి, మామగారిని కూర్చోబెట్టాం. రోజూ ఉదయం కాఫీతో నాలుగు డబ్బాల నుంచీ ఒక్కోటి. మొదటిరోజు నిమ్రా, నీలోఫర్ ఉస్మానియాలు నువ్వా నేనా అన్నట్టున్నాయి. మూడో రోజుకు మూత తీసి పెట్టిన ప్రతిసారీ మన సముద్రపు గాలి పని చేసింది. రెండూ మెత్తబడ్డాయి, రుచి ఉంది గానీ విరిచినప్పుడు చప్పుడు లేదు. కరాచీ ఫ్రూట్ బిస్కెట్టు ఆరో రోజుకూ మొదటిరోజులాగే ఉంది. రోట్‌కు కాలంతో సంబంధం లేదు. మామగారు దాన్ని పళ్ళతో కొరకలేక అట్లకాడతో కొట్టి, చెక్కలు కాఫీలో వేసుకుని చెంచాతో తిన్నారు. ఇంకొకటి ఉందా అని అడిగింది ఆ ఒక్కదాన్నే.

దాంతో బావమరిది లెక్క మారింది. కిలోల కొద్దీ చేసి సీసాల్లో నింపడం మానేసి, పొద్దున ఒక పళ్ళెం, సాయంత్రం ఒక పళ్ళెం ఉస్మానియా, అయిపోతే మళ్ళీ రేపే. పఫ్‌లు ఎలాగూ తప్పవు. కరెంటు ఓవెన్ బయానా వెనక్కి రాదట, కాబట్టి భట్టీ మాట ప్రస్తుతానికి లేదు.

ఆ వారమే రొట్టెల పండుగ. బారాషహీద్ దర్గాకు ఇద్దరం వెళ్ళాం. చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మా వాడు, వ్యాపారం కలిసిరావాలని కోరుకునేవాళ్ళు పట్టుకునే వ్యాపారం రొట్టె కోసం చూస్తున్నాడు. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, నిరుడు కోరుకున్న కిరాణా కొట్టు నిలబడిందట, మొక్కు తీర్చుకోవడానికి రొట్టెలు తెచ్చింది. ఒకటి వీడి చేతిలో పెడుతూ ఏం వ్యాపారం నాయనా అని అడిగింది. బేకరీ అన్నాడు.

"రొట్టెలు కాల్చుకునేవాడివి, నా దగ్గర రొట్టె పట్టుకోవడానికి వచ్చావా!" అని ఆవిడ పకపకా నవ్వింది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. మా వాడు సిగ్గుపడుతూనే రొట్టె కళ్ళకద్దుకుని, సగం విరిచి నాకిచ్చాడు.