పెరట్లో గుచ్చుకునే వీవ్ పోల్స్ సెట్: కొనేముందు టేపు దగ్గర పెట్టుకోండి

కుక్కకు ఎజిలిటీ, అంటే అడ్డంకులు దాటే పరుగు పోటీ, నేర్పడానికి చవకగా దొరికే ఆరు గొట్టాల సెట్ ఇది. వీవ్ పోల్స్ అంటే కుక్క అటూ ఇటూ మెలికలు తిరుగుతూ దాటే నిలువు గొట్టాల వరస. గుచ్చే మేకులు, దూరం చూపే తాడు, సంచీ ఇస్తారు. తంటా అంతా ఆ తాడుతోనే. ఎఫ్‌సీఐ (కెన్నెల్ క్లబ్‌ల అంతర్జాతీయ సమాఖ్య) పోటీల్లో 12 గొట్టాలు, వాటి మధ్య 60 సెంటీమీటర్లు. ఈ తాడు ముడులేమో 50కే పడ్డాయి. ఇరుకుకు అలవాటైన కుక్క పోటీలో అడుగుల లెక్క తప్పుతుంది, పాపం. కొలిచే గుచ్చండి. మొదటి గొట్టం కుక్కకు ఎడమవైపు ఉండాలి. తప్పుగా దూరితే రెఫ్యూజల్ (అడ్డంకిని నిరాకరించినట్టు లెక్క), 5 ఫాల్టులు (తప్పు పాయింట్లు).

మెత్తటి నేలలో భుజం తగలగానే మేకు వదులై గొట్టం వాలిపోతుంది, వరస వంకరపోతుంది. గట్టి నేలైతే రాత్రే నీళ్లు పోసి నానబెట్టాలి. సాధన మొదలుపెట్టడానికి చాలు. పోటీకి వెళ్లాలంటే అడుగున పట్టీకి బిగించిన సెట్టే తీసుకోండి.