నీటిరంగుల ఆకాశానికి ఆర్చెస్ 300 జీఎస్ఎం కాగితం

మరకలు, గీతలు లేని ఆకాశం కావాలంటే రంగుల కంటే ముందు కాగితం మార్చాలి. ఏళ్ల తరబడి ఆర్చెస్ కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకు ఉపరితలం) 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాగితం మీద ఆకాశాలు వేస్తున్నాను. ఈ మాట ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ఫ్రాన్స్‌లోని వోజ్ ప్రాంతపు మిల్లులో తయారయ్యే కాగితం ఇది. ఆ మిల్లు 1492 నాటిది. కాగితమంతా పత్తే. నీళ్లు వెంటనే ఇంకకుండా లోపలా పైనా జిలటిన్ అనే జిగురు పట్టించి ఉంటుంది, అసలు బలం అక్కడే ఉంది. కలపగుజ్జు కాగితంపై నీళ్లు ఒకచోట ఇంకిపోయి మరోచోట నిలుస్తాయి. కుంచె దిగంతం దాకా వచ్చేసరికి పైభాగం ఆరిపోయి గీత పడుతుంది. ఈ కాగితంపై తడి అంతటా ఒకేలా నిలిచి, కావలసినంత వ్యవధి ఇస్తుంది.

నేను ముందు కాగితాన్ని పూర్తిగా తడుపుతాను. నీటి మెరుపు తగ్గి, పలచని నిగనిగ మిగిలేదాకా ఆగుతాను. అప్పుడు బోర్డును కాస్త వాల్చి, నీళ్లు బాగా పట్టే మెత్తని పెద్ద మాప్ కుంచెతో పైనుంచి కిందికి అడ్డంగా పూస్తాను. ఆకాశానికంతటికీ సరిపడా రంగు ముందే కలిపి ఉంచుకోవాలి, మధ్యలో కలపడానికి ఆగితే పని చెడుతుంది. ఆరాక రంగు పాలిపోతుంది కాబట్టి, అనుకున్నదానికంటే ముదురుగా వేయాలి.

అల్ట్రామెరైన్ నీలం ఈ కాగితపు గుంటల్లో రేణువులుగా దిగుతుంది. వానాకాలపు ఆకాశానికి అది అందమే, నున్నటి నీలానికి మాత్రం పనికిరాదు. నున్నదనానికి థాలో బ్లూ అనే నీలం మేలు. అయితే అది కాగితాన్ని పట్టేస్తుంది కనుక తడి ఉండగానే టిష్యూతో అద్ది మేఘాలు తీయాలి. నాకు కోబాల్ట్ నీలం ఎక్కువ ఇష్టం. అది సౌమ్యంగా పరుచుకుంటుంది, ఆరాక కూడా కొంత తీయవచ్చు.

హైదరాబాద్ మే నెల ఎండల్లో తడి త్వరగా ఆరిపోతుంది కనుక ఫ్యాన్ ఆపి, కాగితం వెనక వైపూ తడపాలి. కోస్తా ముసురులో ఇబ్బంది వేరు: పూత ఎంతకీ ఆరదు. సగం ఆరిన పూతపై ఒక్క నీటిచుక్క పడినా కాలీఫ్లవర్ ఆకారంలో మరక తేలుతుంది. అప్పుడు దాన్ని దిద్దబోకుండా ఆరనివ్వడమే మంచిది.

లోపాలూ ఉన్నాయి. ధర ఎక్కువ. తడపగానే జిలటిన్ వాసన వస్తుంది, అది అందరికీ పడదు. టేపుతో అంటించకపోతే 300 జీఎస్ఎం అలలుగా లేస్తుంది. 640 జీఎస్ఎం అయితే దాదాపు లేవదు కానీ ఖర్చు మరీ ఎక్కువ. చెమ్మలో నిల్వ ఉంచితే పైనున్న జిలటిన్ దెబ్బతిని ఆకాశమంతా ముదురు చుక్కలు పడతాయి. అందుకే ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా చుట్టి పెడతాను.

56×76 సెంటీమీటర్ల పూర్తి షీటు కొని నాలుగు ముక్కలు చేసుకుంటాను. చెట్లు, ఇళ్లు సాధన చేయడానికి దీన్ని వాడనవసరం లేదు, మామూలు కాగితం చాలు. ఆకాశం సాధన చేసేటప్పుడు మాత్రం ఒక పావు షీటైనా దీనిదే తీసుకోండి.