పాత 400 మెగాహెర్ట్జ్ ఎన్ఎంఆర్: అయస్కాంతం గట్టిదే, సతాయించేది మిగతా సామాను

మా ల్యాబ్‌లోని 400 మెగాహెర్ట్జ్ ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలు ఇచ్చే రేడియో సిగ్నల్‌ను బట్టి అణువుల నిర్మాణం చెప్పే) యంత్రం బాగోగులు చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. దీన్ని తీసేసి కొత్తది కొనాలా అని అడిగేవారికి నా జవాబు: అయస్కాంతం బాగున్నంత కాలం అక్కర్లేదు. 9.4 టెస్లా క్షేత్రాన్ని ఒకసారి ఎక్కించాక, ద్రవ హీలియం, నైట్రజన్ వేళకు పోస్తూ ఉంటే దాని పని అది చేసుకుపోతుంది. ముసలితనం కనిపించేదల్లా ప్రోబ్‌లో (శాంపిల్ చుట్టూ కాయిల్ ఉండే భాగం), కేబుళ్లలో, ప్రీఆంప్లిఫయర్‌లో (బలహీనమైన సిగ్నల్‌ను మొదట పెంచేది).

సిగ్నల్ పడిపోయిందని ఎవరైనా వస్తే ముందు యంత్రాన్ని అనుమానించను, వాళ్ల ట్యూబును వెలుతురుకు ఎత్తి చూస్తాను. అడుగున కరగని పొడి, చాలీచాలని ద్రావణి, గీతలు పడిన గాజు... చాలా ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే సీలు వేసిన ప్రామాణిక శాంపిల్ పెడతాను. ప్రోటాన్‌కు, అంటే హైడ్రోజన్ కేంద్రకాల సిగ్నల్‌కు, 0.1 శాతం ఇథైల్‌బెంజీన్, ఒకే స్కాన్. యంత్రం కొత్తలో వచ్చిన సిగ్నల్-నాయిస్ (రొద) నిష్పత్తి నోటుబుక్కులో ఉండాలి. అది లేని ల్యాబులో వాదనలు తప్ప మరమ్మతులు జరగవు.

స్పెక్ట్రంలో పీక్ ఆకారం చెడిందా, ఎత్తు తగ్గిందా అన్నది తర్వాతి ప్రశ్న. ఆకారానికి క్లోరోఫామ్ పరీక్ష చాలు: కార్బన్-13 శాటిలైట్ల (ప్రధాన పీక్‌కు రెండు పక్కలా కార్బన్-13 వల్ల వచ్చే చిన్న పీక్‌ల) ఎత్తులో, అంటే ప్రధాన పీక్‌లో 0.55 శాతం దగ్గర, వెడల్పు చూడాలి. పీక్ పాదం ఒక పక్కకే సాగితే జెడ్2, జెడ్4 షిమ్‌లను (క్షేత్రాన్ని సమంగా సరిదిద్దే చిన్న కాయిల్స్‌ను) చూడండి. ట్యూబును తిప్పుతున్నప్పుడు ఆ వేగానికి సరిపడే దూరంలో రెండు వైపులా పిల్ల పీక్‌లు లేస్తే ఎక్స్, వై షిమ్‌లను చూడండి. తిప్పడం ఆపినా సరిగ్గా 50 హెర్ట్జ్ దూరంలో నిలబడే పీక్‌లు మాత్రం షిమ్ జబ్బు కాదు. అది కరెంటు సరఫరా నుంచి దూరిన రొద. ముసలి పవర్ సప్లైల కెపాసిటర్ల మీద నా మొదటి అనుమానం.

ఆకారం చక్కగా ఉండి ఎత్తు ఒక్కటే తగ్గితే 90 డిగ్రీల పల్స్ (కేంద్రకాల అయస్కాంతత్వాన్ని 90 డిగ్రీలు తిప్పడానికి పట్టే రేడియో పల్స్ నిడివి) కొలవండి. ఈ యంత్రంతో ఇన్నేళ్లు వేగి నేను నేర్చుకున్న విద్యలో ముప్పాతిక భాగం ఇదే. సిగ్నల్‌ను పుట్టించేదీ పట్టుకునేదీ ఒకే కాయిల్ కాబట్టి, అక్కడ నష్టం ఉంటే పల్స్ పొడవుతుంది, సున్నితత్వం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఒకసారి మా ప్రోటాన్ పల్స్ 10 మైక్రోసెకన్ల నుంచి 14కి పాకింది, సిగ్నల్ దాదాపు 30 శాతం పోయింది. ప్రోబ్ శ్రుతి కుదిరిన చోటును చూపే గుంట ట్యూనింగ్ తెర మీద కనిపిస్తుండగా ప్రోబ్ కేబుల్‌ను వేలితో కొంచెం కదిపితే ఆ గుంట పక్కకు గెంతింది. కనెక్టర్ విప్పితే మధ్య పిన్ను నల్లబడి, కాస్త లోపలికి కుంగి ఉంది. కనెక్టర్ మార్చగానే పల్స్ 10కి తిరిగొచ్చింది.

మరోసారి పల్స్ చెక్కుచెదరలేదు, కార్బన్ సిగ్నల్ కూడా మామూలుగానే వచ్చింది, ప్రోటాన్ సిగ్నల్ మాత్రం నీరసించింది. అంటే కాయిల్ మంచిదే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న రిసీవర్ మంచిదే. మిగిలింది ప్రోటాన్ ప్రీఆంప్లిఫయర్. ప్రోబ్ తీసేసి దాని ఇన్‌పుట్‌కు 50 ఓమ్‌ల లోడ్ తగిలించి నాయిస్ చూశాను, అదే లోడ్‌ను ద్రవ నైట్రజన్‌లో ముంచి మళ్లీ చూశాను. 77 కెల్విన్‌కు చల్లబడిన లోడ్‌తో నాయిస్ స్పష్టంగా తగ్గాలి, తగ్గలేదు. రొద ప్రీఆంప్లిఫయర్‌దే. తయారీ సంస్థ ఈ మోడల్‌కు విడిభాగాలు ఎప్పుడో ఆపేసింది కాబట్టి, అటకెక్కిన అదే రకం యంత్రం నుంచి ఒకటి తెచ్చి బిగించాం.

నచ్చని సంగతులూ ఉన్నాయి. ఆటోమేటిక్ షిమ్ నత్తనడక నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటర్ మీద తప్ప కదలదు, ఆ కంప్యూటర్ పోతుందేమోనని ఉన్నంత బెంగ నాకు అయస్కాంతం గురించి కూడా లేదు. సున్నితత్వం సగానికి పడితే నాలుగు రెట్ల స్కాన్లు కావాలి కనుక, కార్బన్ స్పెక్ట్రం రాత్రంతా నడపాల్సి వస్తుంది. రోజూ మిల్లీగ్రాములో పదో వంతు పదార్థంతో పనిచేసేవారికి దీన్ని సిఫారసు చేయను, వాళ్లకు క్రయోప్రోబ్ (కాయిల్‌ను బాగా చల్లబరిచి నాయిస్ తగ్గించే ప్రోబ్) ఉన్న యంత్రమే దారి. సంశ్లేషణ చేసేవారి రోజువారీ ప్రోటాన్ స్పెక్ట్రాలకు ఇది ఇప్పటికీ ధారాళంగా సరిపోతుంది. ఇలాంటిది మీ దగ్గరా ఉంటే, అదే మోడల్ ఎక్కడ మూలపడినా ముందు దాని ప్రీఆంప్లిఫయర్లు, పవర్ సప్లైలు, కేబుళ్లు అడిగి తెచ్చుకోండి.