ఆఖరి బంతికి రివ్యూ తీసుకుంటే ఆట ఆగిపోయేది

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మాకు జిరాక్స్ షాపు ఉంది. దాని వెనక గదిలో మూడు ప్లేస్టేషన్ 4 ఆట మెషీన్లు పెట్టి గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. గంటకు 60 రూపాయలు. వచ్చేవాళ్ళు ఎక్కువగా ఇంటర్, డిగ్రీ పిల్లలు. పరీక్షలప్పుడు ఇంకా ఎక్కువ వస్తారు, ఎందుకో నన్నడగొద్దు. నేను రాస్తున్న ఈ సమీక్ష, వాళ్ళు రెండేళ్ళుగా నా దగ్గర ఆడుతున్న ఒక క్రికెట్ గేమ్ గురించి. పేరు రాయడం లేదు. ఆడినవాళ్ళు ఎలాగూ గుర్తుపడతారు.

విడుదలకు నెల ముందే హైదరాబాద్‌లో ఒక షాపులో డిస్క్‌కు 3,999 కట్టాను. మా నాయిన బోరు వేయించినట్టే అయింది. బండి వచ్చి నిలబడితే అడుగుకు ఇంత అని లెక్క మొదలవుతుంది, నీళ్ళు పడ్డా దుమ్ము లేచినా పైసలు పైసలే. డిస్క్ వేయగానే అంతకంటే పెద్ద అప్‌డేట్ దింపుకోమంది. డిస్కులు విడుదలకు కొన్ని వారాల ముందే అచ్చుకు వెళ్ళిపోతాయి. ఆ తర్వాత దొరికిన తప్పులను సరిచేసి మొదటి రోజు ప్యాచ్‌గా పంపుతారు. పెట్టెలో ఉన్నది చేతికొచ్చేసరికే పాత సరుకన్నమాట. మా నెట్‌కు అది దిగేసరికి తెల్లారింది.

మొదటి బుకింగ్ ఒక డిగ్రీ అబ్బాయిది. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో వాళ్ళ టీమ్‌కు కెప్టెన్, అందరూ అలాగే పిలుస్తారు. ఇరవై ఓవర్ల మ్యాచ్, చివరి బంతి, ఎల్బీడబ్ల్యూ ఇచ్చారు. రివ్యూ తీసుకున్నాడు. రీప్లే మొదలయ్యాక ఎవరికి ఓపిక ఉంటుంది, బటన్ నొక్కి దాటేశాడు. బంతి గాల్లోనే ఆగింది. పది సెకన్లు అలాగే ఉండి, ఎర్రర్ వచ్చి, ఆట బయటికి వెళ్ళిపోయింది.

"అన్నా, నా తొంభై నాలుగు ఏడికి వోయినయ్?"

నేనేం చెప్పాలి? ఆట తయారుచేసినవాళ్ళు ఎక్కడో దేశం కాని దేశంలో ఉన్నారు. ఈ గదిలో ఆ కంపెనీ అంటే నేనే. "పైసలు వాపస్ ఇయ్యాలె" అన్నాడు. చివరికి ఇంకో పదిహేను నిమిషాలు ఊరికే ఆడుకోమని ఒప్పించాను. ఆ రాత్రికి అలాంటి పదిహేను నిమిషాలు నాలుగు ఇచ్చాను.

మిగతా బగ్గులు, అంటే ఆటలోని తప్పులు, చాలా వరకు నవ్వించాయి. బంతి బ్యాట్‌లోంచి దూరి కీపర్ చేతిలో పడేది. ఫీల్డర్ బంతి పట్టుకుని విసరకుండా నిలబడితే వీళ్ళు ఒక్క బంతికి ఏడు పరుగులు తీశారు. అన్నిట్లోకి నాకు నచ్చింది నీడ. సాయంత్రం మ్యాచ్‌లో స్టాండ్ నీడ పిచ్ మీద పడేది, పొద్దుగూకి ఫ్లడ్ లైట్లు వెలిగినా అక్కడి నుంచి కదిలేది కాదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా లింగం మీద నీడ కదలకుండా ఉంటుంది కదా, మా పిల్లలు ఆ స్టేడియానికి పానగల్లు అని పేరు పెట్టేశారు. గుడి కట్టినవాళ్ళు లెక్క చూసుకుని చేశారు. ఆట తయారుచేసినవాళ్ళకు లెక్క తప్పి వచ్చింది.

నవ్వు రానిది ఒకటే, సేవ్ పోవడం, అంటే అప్పటిదాకా ఆడింది దాచుకున్న ఫైల్ పాడవడం. నకిరేకల్ నుంచి ప్రతి ఆదివారం బస్సులో వచ్చే అబ్బాయి ఒకడు కెరీర్ మోడ్‌లో 41 మ్యాచ్‌లు ఆడాడు. జిల్లా టీమ్ నుంచి మొదలుపెట్టి రంజీ దాకా తెచ్చుకున్నాడు. ఒక ఆదివారం ఫైల్ తెరవలేకపోతున్నామని ఆట చెప్పింది. వాడు గొడవ చేయలేదు. కంట్రోలర్ టేబుల్ మీద పెట్టి, ఆ గంట డబ్బులు కూడా ఇచ్చి వెళ్ళాడు. మళ్ళీ నెలన్నర రాలేదు. తిట్టినవాళ్ళను తట్టుకోవచ్చు గానీ ఇలాంటివాళ్ళకు ఏం చెప్పాలో తెలియదు.

డిస్క్ వాపస్ తీసుకోమంటే షాపువాడు సీల్ తీశారు కదా అన్నాడు. కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ షాపులో కొని ఉంటే 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ నియమం 2015 నుంచి ఉంది. అయితే టాస్, ప్రాక్టీస్, సెట్టింగులు అయ్యేసరికే మా పిల్లలకు గంట దాటుతుంది, బగ్గు బయటపడేసరికి రెండు గంటలు ఎక్కడ ఆగుతాయి?

ఎవరికి ఎన్ని నిమిషాలు ఊరికే ఇచ్చానో రాసుకోవడానికి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. తేదీ, ఏ మెషీన్, ఏ టీమ్, ఎన్నో ఓవర్, ఏం చేస్తుంటే ఆగింది. లెక్క కోసం పెట్టిందే గానీ నెల తిరిగేసరికి అందులో ఒక విషయం కనబడింది. ఆగినవాటిలో సగానికి పైగా ఇన్నింగ్స్ చివరి బంతికి, రివ్యూ తీసుకుని, రీప్లే దాటేసినప్పుడే. రీప్లే పూర్తిగా చూస్తే ఏమీ అయ్యేది కాదు. అంతకుముందే కంపెనీకి రెండుసార్లు ఫిర్యాదు పంపాను. రెండుసార్లూ ఒకే జవాబు: ఆట తీసేసి మళ్ళీ ఎక్కించండి, మీ ఓపికకు ధన్యవాదాలు. మళ్ళీ ఎక్కించడమంటే మాకు ఇంకో రాత్రి. ఆ జవాబు చదివి వినిపిస్తే కెప్టెన్ అన్నాడు, "ఓపిక ఎవడు వట్టిండన్నా, ఉన్న తిట్లన్నీ తిట్టినం గద."

మూడోసారి నోట్‌బుక్ పేజీల ఫొటోలు పంపాం. కెప్టెన్ కావాలని అదే బంతికి అదే రివ్యూ తీసుకుని ఆట ఆపాడు. ప్లేస్టేషన్ 4 మామూలుగా చివరి 15 నిమిషాల ఆటను తనంతట తానే రికార్డు చేసి పెట్టుకుంటుంది, షేర్ బటన్‌తో దాన్ని దాచుకోవచ్చు. ఆ వీడియో కూడా పంపాం. ఈసారి జవాబు వేరుగా ఉంది. మనిషి రాసినట్టుంది. ఆట వెర్షన్ నంబరు ఎంత, మెషీన్ ఏ మోడల్, రీప్లే ఎన్నో సెకనుకు దాటేశారు అని అడిగారు. కింద ఒక ముక్క: మా దగ్గర కూడా ఆగింది, కారణం ఇంకా దొరకలేదు, వచ్చే ప్యాచ్‌లో రాకపోవచ్చు.

రాకపోవచ్చు అన్నందుకు ఎవరికీ కోపం రాలేదు. నాకే ఆశ్చర్యమేసింది. ఆ మాట చెప్పాక పిల్లలు చివరి బంతికి రీప్లే చివరిదాకా చూడడం అలవాటు చేసుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకు వాళ్ళే చెప్పేవాళ్ళు. అంతకుముందు రెండు ప్యాచ్‌ల నోట్స్‌లో "స్థిరత్వం మెరుగుపరిచాం" అని రాశారు. ఏది మెరుగైందో తెలియక పాత తిట్లే నడిచాయి.

కన్సోల్‌కు, అంటే ప్లేస్టేషన్ లాంటి ఆట మెషీన్‌కు, వచ్చే ప్యాచ్‌ను ఆ కన్సోల్ కంపెనీ కూడా పరీక్షించి ఒప్పుకోవాలి, ఆలస్యంలో కొంత అందుకే. అసలు ఇన్ని తప్పులతో ఎలా వదిలారు అంటే, నాకు తోచిన లెక్క ఇది. వందమంది రోజుకు ఎనిమిది గంటలు ఆడి చూస్తే 800 గంటలు. విడుదల రోజు పదివేల మంది తలా ఒక గంట ఆడితే పదివేల గంటలు. అరుదుగా వచ్చే తప్పు ఆ సాయంత్రమే బయటపడుతుంది. కానీ చివరి బంతికి రివ్యూ అరుదైన విషయమా? ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నిలబడ్డ ఎవరినైనా ఒక గంట కూర్చోబెడితే దొరికేది. తేదీ ముందే ప్రకటించేశారు, కుదరకపోయినా వదిలేశారు, అంతే.

పెద్ద కంపెనీలకు కూడా ఇది కొత్త కాదు. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ 2020 డిసెంబర్ 10న సైబర్‌పంక్ 2077 అనే ఆట విడుదల చేస్తే, పాత కన్సోళ్ళ మీద అది ఎంత అధ్వానంగా నడిచిందంటే వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ తన ఆన్‌లైన్ స్టోర్‌లోంచి తీసేసి డబ్బు వెనక్కి ఇచ్చింది. 2021 జూన్‌లో గానీ మళ్ళీ పెట్టలేదు. మధ్యలో, జనవరిలో, కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరు వీడియోలో క్షమాపణ చెప్పారు. ఆట మీద మంచి మాట నిలబడింది మాత్రం 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాకే. నో మ్యాన్స్ స్కై అనే ఆట తయారుచేసినవాళ్ళది ఇంకో దారి. 2016 ఆగస్టులో విడుదలై తిట్లు తిన్నాక పెద్దగా మాట్లాడలేదు. అప్‌డేట్లు ఊరికే ఇస్తూ పోయారు, అందరూ అడిగిన పూర్తి మల్టీప్లేయర్ (నలుగురూ కలిసి ఆడే వీలు) 2018 జూలైకి వచ్చింది. చేతల్లో చూపించారని దాన్ని మెచ్చుకునేవాళ్ళున్నారు. నాకైతే ఆ మౌనం నచ్చలేదు. వాళ్ళు మాట్లాడని నెలల్లో ఊళ్ళో ఆటలు నడిపించే నాలాంటివాడు రోజూ మాట్లాడుతూనే ఉండాలి.

మా బగ్గు ఆరో ప్యాచ్‌లో పోయింది, అంటే విడుదలైన ఐదు నెలలకు. నోట్స్‌లో ఒక లైను: ఇన్నింగ్స్ చివరి బంతికి రివ్యూ రీప్లేను దాటేస్తే ఆట ఆగిపోవడాన్ని సరిచేశాం. కెప్టెన్ ఆ లైను ఫోన్‌లోంచి ప్రింట్ తీయించి, జిరాక్స్ మెషీన్‌లో ఏ3 సైజుకు పెంచి, గోడకు అంటించాడు. కాగితం డబ్బులు నేను అడగలేదు. అదే ప్యాచ్‌తో కామెంటరీ పాడయింది, స్పిన్నర్ వేసినా "ఏం వేగం" అంటాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇప్పటి పరిస్థితి చెబుతాను. బ్యాటింగ్ బాగా కుదిరింది. స్పిన్ ఆడడమైతే ఇంత బాగా మరే ఆటలోనూ చూడలేదు, క్రీజు వదిలి బయటికొస్తే నిజంగానే గుండె దడదడలాడుతుంది. సేవ్ పోవడం ఆగింది, అయినా వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో కాపీ పెడుతున్నాను. నకిరేకల్ అబ్బాయి తిరిగొచ్చాడు, మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆన్‌లైన్ మ్యాచ్‌లు మాత్రం దండగ, సాయంత్రం ఏడు దాటితే బంతి కనిపించేలోపు వికెట్ పడి ఉంటుంది. ఫీల్డర్లు ఇప్పటికీ కొంచెం మొద్దులే.

కొనాలా అంటే, సగం ధరకు దొరికితే కొనండి. మిగతా రెండు మెషీన్లకు నేను అలాగే కొన్నాను. డిస్క్ కొనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: అందులో ఉన్నది మొదటి రోజు ప్యాచ్ కూడా లేని ఆటే. నెట్ లేకుండా ఎక్కిస్తే ఆ ఆగిపోయే బంతి, ఆ కదలని నీడ అన్నీ తిరిగొస్తాయి. గదిలో నెట్ పోయిన రోజున కొత్త మెషీన్ మీద నేనే చూశాను, పిల్లలు పానగల్లు మళ్ళీ వచ్చిందని కేకలు పెట్టారు.

కొత్త ఎడిషన్‌కు బుకింగులు మొదలయ్యాయని పోయిన వారం ఎవరో చెప్పారు. కెప్టెన్ ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటున్నాడు, అయినా వచ్చి అడిగాడు, "అన్నా, ముందుగాల్నే కడదామా?" నేను కట్టలేదు. పాత నోట్‌బుక్‌లో ఇంకా పదకొండు పేజీలు మిగిలున్నాయి.