సముద్రం ముందే గుడిసె అన్నాడు

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో బీచ్ గుడిసెకి రెండు రాత్రులకు 9,600 రూపాయలు, మేం వైజాగ్‌లో ఉండగానే అక్కడి బుకింగ్ మనిషి మొత్తం కట్టించుకున్నాడు. "సీ ఫేసింగ్, ముందు వరుస, తలుపు తీస్తే సముద్రమే సార్" అని వాట్సాప్‌లో రాసి పంపాడు. నేనూ, మా ఆవిడా, పదకొండేళ్ళ అమ్మాయీ, మా బావమరిదీ జనవరిలో అండమాన్ వెళ్ళాం. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) రెండు రోజులూ బాగానే గడిచాయి. సెల్యులార్ జైలు తీరిగ్గా చూశాం. చెప్పాల్సింది హావ్‌లాక్ గురించి.

హావ్‌లాక్‌ని 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అని పిలుస్తున్నారు. మా గుడిసె అక్కడి విజయనగర్ బీచ్‌లో, అంటే ఐదో నంబరు బీచ్‌లో. దిగి చూస్తే మాకిచ్చింది మూడో వరుస. పక్కనే జనరేటర్ షెడ్డు. కిటికీ తీస్తే డీజిల్ వాసన, మూస్తే ఉక్క. ముందు వరుస ఏదని అడిగితే మేనేజరు "అవి నిండిపోయాయి, ఇదీ బీచ్ హట్టే కదా" అన్నాడు. మా ఆవిడ ఫోన్ తీసి ఆ మెసేజ్ చూపించింది. "అది రాసినవాడు ఉద్యోగం మానేశాడు మేడమ్" అన్నాడు. డబ్బు వెనక్కివ్వమంటే రూల్ లేదన్నాడు. రూల్ ఎక్కడ రాసుందని బావమరిది గొంతు పెంచితే, లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు.

కుళాయిలో ఉప్పు నీళ్ళు. తలస్నానం చేసిన అమ్మాయి జుట్టు చీపురుకట్టలా తయారైంది. రాత్రి అన్నం, పప్పు, చేపల వేపుడు, నలుగురికి 2,340. చేప నిన్నటిది. ఒక్క ముద్దతోనే తెలిసిపోయింది.

ఇంకో మాట ఎవరూ ముందు చెప్పరు. ఈ తూర్పు వైపు తీరంలో పోటు తగ్గితే నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి. కింద పగడపు రాళ్ళు తేలతాయి, అడుగు వేస్తే పాదం కోసుకుంటుంది. "గుడిసెలోంచి నేరుగా ఈతకు" అన్నది రోజులో కొన్ని గంటల మాటే. ఈదాలంటే పడమటి వైపున్న రాధానగర్‌కి పోవాలి. మాకు ఆటో రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి 1,000 అయింది. ఆ బీచ్ మాత్రం ఎంత పొగిడినా తక్కువే.

ఆ రెండు రాత్రులూ మా ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు. బుక్ చేసింది నేనే మరి.

లాంగ్ ఐలాండ్ అనే ఇంకో దీవి పేరు మాకు చెప్పింది పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఆటో నడిపే శ్రీకాకుళం అబ్బాయి. "సౌకర్యాలుండవు గానీ మోసం ఉండదు సార్" అన్నాడు. గవర్నమెంటు బోటు వారంలో కొన్ని రోజులే. మా అదృష్టం కొద్దీ మరునాడే హావ్‌లాక్ నుంచి ఒకటి దొరికింది.

అక్కడ వెదురు గుడిసెలు రెండు తీసుకున్నాం, ఒక్కోటి రోజుకు 900. బాత్రూమ్ అందరికీ కలిపి, బయట. బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయి. దోమతెర ఉతికి కట్టారు, చిరుగు లేదు. నడిపేది ఒక బెంగాలీ కుటుంబం. దిగగానే ఆ ఇల్లాలు ముందు చెప్పింది లేనివాటి గురించే: "కరెంటు పోతుంది, ఫోన్ సిగ్నల్ నమ్మొద్దు, చేప దొరకని రోజు కోడిగుడ్డే." అది విన్నాకే మా ఆవిడ ముఖం విచ్చుకుంది.

ఆ మధ్యాహ్నం ఆ ఇల్లాలు పెట్టిన చేపల కూర ఇంకా నాలుక మీదే ఉంది. ఆవాలూ పచ్చిమిర్చీ కలిపి నూరిన ముద్ద, పైన పచ్చి ఆవనూనె. మనం పనసపొట్టు కూరలో ఆవ పెడతామే, అదే ఘాటు ముక్కుకెక్కింది. మా ఆవిడది గోదావరి జిల్లా. రెండోసారి వడ్డించుకుని, వంటింట్లోకెళ్ళి ఎలా నూరారో చూసొచ్చింది. నలుగురి భోజనానికి 720.

లాలాజీ బే బీచ్‌కి డొంగీలో, అంటే చిన్న మోటారు పడవలో వెళ్ళాం. రానూపోనూ 2,500. అడవిలోంచి నడిచి కూడా పోవచ్చుగానీ పిల్లతో వద్దనుకున్నాం. తెల్లటి ఇసుక, వెనక అడవి. నాలుగు గంటల్లో మేం తప్ప ఇంకెవరూ రాలేదు. అక్కడ రాత్రి ఉందామని బావమరిది 3,200 పెట్టి కొన్న టెంటు వైజాగ్ నుంచి మోసుకొచ్చాడు. అటవీ శాఖ ఉద్యోగిని అడిగితే కుదరదన్నాడు. కానీ కూర్చోబెట్టి ఎందుకో చెప్పాడు. ఉప్పునీటి మొసళ్ళు చీకటి పడ్డాక తీరానికొస్తాయట. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో మనుషుల దీపాలు వాటికి ఇబ్బందట. బావమరిది ఆ పూటంతా ముభావంగానే ఉన్నాడు. నాకైతే ఆ ఉద్యోగి మీద గౌరవమే కలిగింది.

ఇసుక ఈగల సంగతి మాత్రం మర్చిపోవద్దు. కుట్టినప్పుడు తెలియదు, మర్నాటి నుంచి దురద. తెల్లవారుజామున, సాయంత్రం ఎక్కువ. కొబ్బరినూనెలో డెటాల్ కలిపి కాళ్ళకి పట్టించమని ఆ ఇల్లాలు ఇచ్చింది. మేం రాసుకున్నాం, అమ్మాయి వద్దంది. పన్నెండు రోజులు గోకుతూనే ఉంది.

డబ్బు నోట్ల రూపంలోనే తీసుకెళ్ళండి. టార్చి తప్పనిసరి, సాయంత్రం ఐదున్నర దాటితే చీకటే. గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోవద్దు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. మా బోటు గాలి వల్ల ఆ రోజు రాలేదు. టెన్షన్ పడుతూ జెట్టీ నుంచి సామానుతో వెనక్కొస్తే, గుడిసెల్లో పక్కలు మళ్ళీ పరిచి ఉన్నాయి. మూడో రాత్రికి రెండు గుడిసెలకీ కలిపి 900 చాలన్నారు. రాత్రికి కోడిగుడ్డు కూర.