ఊలు తొడిగిన హ్యాంగర్లు: చెన్నై తేమలో ఆరేళ్ళ వాడకం

పట్టు జాకెట్టు మామూలు హ్యాంగరు మీద నిలవదు. బీరువా తలుపు తీసిన ప్రతిసారీ ఏదో ఒకటి జారి కింద పడి ఉంటుంది. మెడ వెడల్పుగా ఉన్న జాకెట్టయితే మరీ కష్టం. ప్లాస్టిక్ హ్యాంగర్లకు ఇంకో దోషం ఉంది: పలచటి కుర్తాల భుజాల దగ్గర వాటి కొసలు బుడిపెల్లా ముద్ర వేస్తాయి, ఇస్త్రీ చేసినా ఆ గుర్తు పూర్తిగా పోదు. ఈ రెండు బాధలూ పడలేక 2019 వేసవిలో మా ఇంట్లోని చెక్క హ్యాంగర్లకు ఊలు తొడుగులు అల్లడం మొదలుపెట్టాను. ఇప్పటికి ముప్పై నాలుగు అల్లాను. ఇరవై రెండు చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లోనే రోజూ వాడకంలో ఉన్నాయి, మిగిలినవి బంధువుల ఇళ్ళకు వెళ్ళాయి. చూసినవాళ్ళు ముచ్చటగా ఉన్నాయంటారు. ఉన్నాయి కూడా. కానీ నేను వీటిని బట్టలు నిలబెట్టినందుకే మెచ్చుకుంటాను. ఆ నిలబెట్టడం ఎంతకాలం సాగుతుందన్నది, సముద్రం పక్కనున్న ఈ ఊళ్ళో, ఏ నూలుతో అల్లాం, లోపల ఏం నింపాం అన్నదాని మీదే ఉంటుంది.

అల్లిక సులువే. మా హ్యాంగరు ఈ కొస నుంచి ఆ కొసకు 44 సెంటీమీటర్లు. 24 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ ప్లెయిన్ కుట్టుతోనే 180 వరుసల దాకా అల్లితే 11 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ వస్తుంది. పొడవు హ్యాంగరు కంటే కాస్త తక్కువే ఉండాలి. సాగదీసి తొడిగితేనే బిగువుగా కూర్చుంటుంది. పట్టీ మధ్యలోంచి కొక్కేన్ని పైకి తీసి, అంచులు రెండూ అడుగున కలిపి కుట్టేస్తే అయిపోయినట్టే. ఒక్కోదానికి 25 నుంచి 30 గ్రాముల ఊలు పడుతుంది, నాకు మూడు సాయంత్రాలు పడుతుంది.

మొదటి రెండూ మాత్రం పాడుచేసుకున్నాను. నేను చూసిన నమూనా అమెరికా వాళ్ళది, అందులో 8వ నంబరు సూదులని ఉంది. మన దుకాణాల్లో 8 అంటే పాత బ్రిటిష్ లెక్క ప్రకారం 4 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో అదే 8 అంటే 5 మిల్లీమీటర్లు. మన దగ్గర నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, వాళ్ళ దగ్గర లావవుతుంది. ఆ సంగతి తెలియక అల్లిన పట్టీ ఇరుకైపోయి అంచులు కలవనే లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నంబరు పట్టించుకోకుండా మిల్లీమీటర్లే చూసుకోవాలి. నా సూదులు నీలగిరుల్లోని కేత్తిలో తయారయ్యే పోనీ (Pony) కంపెనీవి, ఆరేళ్ళుగా అవే వాడుతున్నాను, ఒక్కటీ వంగలేదు.

ఇక నూలు. మా అమ్మమ్మది నరసాపురం, ఇంటింటా లేసు అల్లే ఊరు. తెల్లటి నూలు దారం అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. అందుకే మొదటి పన్నెండు తొడుగులూ పత్తి నూలుతోనే అల్లాను. చేతికి చల్లగా, కుట్టు కుట్టూ విడివిడిగా కనిపిస్తూ చాలా అందంగా వచ్చాయి. ఎర్రనూలుతో అల్లినదాని మీద కాస్త తడి ఆరని గంధపు రంగు కుర్తా తగిలించాను. మర్నాటికి భుజాల మీద గులాబీ చారలు. అవి ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి ముదురు రంగు నూలు ఏది కొన్నా, ఒక ముక్క తడిపి తెల్లగుడ్డలో గట్టిగా నొక్కి చూశాకే సూది పడుతున్నాను.

రంగు సంగతి అలా ఉంచితే, అసలు పరీక్ష 2023 డిసెంబరులో వచ్చింది. మిగ్‌జాం తుపాను మా ఊరిని ముంచి, తర్వాత బాపట్ల దగ్గర తీరం దాటింది. మాది మొదటి అంతస్తు కాబట్టి ఇంట్లోకి నీళ్ళు రాలేదు, కానీ రోజుల తరబడి కరెంటు లేదు, కిటికీలు తెరవడానికి లేదు, గోడలు చెమర్చాయి. ఆ వారం తర్వాత బీరువా తెరిస్తే గుప్పున బూజు వాసన కొట్టింది. ఒక్కో హ్యాంగరూ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పత్తి నూలు తొడుగులన్నీ మెత్తబడి, రెండింటి మీద నల్లచుక్కలు లేచాయి. యాక్రిలిక్ అనే కృత్రిమ ఊలుతో అల్లిన తొమ్మిదీ పొడిగా ఉన్నాయి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మామూలు గాలిలోనే పత్తి తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది, గొర్రె ఉన్ని ఇంకా ఎక్కువ, యాక్రిలిక్ 2 శాతానికి మించదు. గొర్రె ఉన్నికి పురుగుల బెడద కూడా ఉంది, అందుకే ఆ జోలికి వెళ్ళలేదు. అల్లేటప్పుడు చేతికి పత్తి ఇచ్చే సుఖం యాక్రిలిక్ ఇవ్వదని ఒప్పుకుంటాను. అయినా చెన్నైలో ఎవరడిగినా యాక్రిలిక్‌తోనే అల్లమంటాను.

లోపలి మెత్తదనం కోసం మొదట పలచటి ఫోము షీటు చుట్టాను. ఏడాదిన్నర బ్రహ్మాండంగా ఉంది. నాలుగో ఏడు వచ్చేసరికి పసుపు రంగు పొడి రాలడం మొదలైంది, అదంతా నల్ల జాకెట్ల చంకల్లో చేరింది. తర్వాత పాత నూలు చీర పేలికలు చుట్టి చూశాను. వానాకాలంలో అవీ చెమ్మ పట్టాయి. చివరికి కుదిరింది బూరుగు దూది. తమిళులు ఇలవం పంజు అంటారు, ఇక్కడ దిండ్లకు వాడతారు. ఎంతో తేలిక, నీటిని దగ్గరకు రానివ్వదు. ఒకటే చిక్కు, నూగు గాలికి లేచి కుట్ల సందుల్లోంచి బయటికి వస్తుంది. పలచటి మల్లు గుడ్డతో సన్నటి సంచీ కుట్టి, దూది అందులో కూరి, దాని మీద ఊలు తొడుగు వేస్తే రాదు. మరీ గట్టిగా కూరకూడదు, కాలం గడిచేకొద్దీ అణిగి గడ్డలు కడుతుంది. రెండేళ్ళకోసారి విప్పి దూది మార్చుకోవాలి. విప్పడం తేలిగ్గా ఉండాలని అడుగు కుట్టు వేరే రంగు దారంతో వేస్తున్నాను.

అలంకారం గురించి కూడా చెప్పాలి. లేసు మీద ఉన్న ప్రేమతో నాలుగు తొడుగులు కొక్కెం సూదితో (క్రోషే), చిల్లుల అల్లికతో చేశాను. చూపుకు వాటిని మించినవి లేవు. కానీ జాకెట్టు హుక్కులు ఆ చిల్లుల్లోనే ఇరుక్కుంటాయి, మగ్గం పని చేసిన జాకెట్టయితే పూసలు పట్టుకుని దారం లాగేస్తుంది. మా వదిన పెళ్ళి జాకెట్టు మీది జర్దోసీ తీగ ఒకటి అలాగే లేచిపోయింది, నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అందుకే తొడుగు మీదంతా దగ్గరి ప్లెయిన్ కుట్టే వేసి, చిల్లుల అల్లికను కొక్కెం మొదట్లో చిన్న పువ్వుకు పరిమితం చేశాను. ఆ పువ్వు కింద వట్టివేళ్ళ పొట్లం ఒకటి కడతాను. మైలాపూరులో నాటుమందుల కొట్టులో తెస్తాను. గాలిలో చెమ్మ పెరిగినప్పుడే వట్టివేళ్ళు బాగా వాసన వేస్తాయి కాబట్టి ఈ ఊరికి అంతకంటే తగినది లేదు.

లోపాలూ ఉన్నాయి. ఒక్కో హ్యాంగరు మూడున్నర సెంటీమీటర్ల మందం అవుతుంది. మా బీరువాలో 90 సెంటీమీటర్ల కడ్డీకి ఇదివరకు నలభై పట్టేవి, ఇప్పుడు పాతిక పట్టడమే కష్టం. రాపిడి తగిలే చోట యాక్రిలిక్ మీద చిన్న చిన్న ఉండలు లేస్తాయి, ఆరు నెలలకోసారి గీకుతాను. దాని మీద వేడి ఆవిరి మాత్రం పట్టకూడదు. తాజాగా కనిపించాలని ఒకదానికి ఆవిరి ఇస్త్రీ పట్టించాను. ఊలులో ఉన్న సాగుడు మొత్తం చచ్చిపోయి, తడిసిన కాగితంలా వేలాడింది. అది మళ్ళీ బిగియలేదు. ఉతకాలంటే చల్లటి నీళ్ళలో ముంచి, పిండకుండా తువాలులో నొక్కి, నీడలో ఆరేస్తే చాలు.

మా వారి ఇస్త్రీ చొక్కాలకు ఇవి అక్కర్లేదు, వాటికి ఉత్త చెక్క హ్యాంగరే సరిపోతుంది. కంచి పట్టుచీరలను దేని మీదా వేలాడదీయను. ఆ బరువుకు మడత దగ్గర నేత లాగుతుంది, వాటికి నూలుగుడ్డ చుట్టి అరలో పెట్టడమే మేలు. జాకెట్లకు, చున్నీలకు, షిఫాన్ కుర్తాలకు మాత్రం వీటికి సాటి వచ్చేది ఇంకేదీ నాకు దొరకలేదు. ఆరేళ్ళలో ఊలు తొడిగిన హ్యాంగరు మీంచి జాకెట్టు జారి పడింది రెండు మూడుసార్లే.

కొక్కేనికి కూడా ఊలు చుట్టడం ఈ మధ్య మానేశాను. కడ్డీ మీద జరిపినప్పుడల్లా రాసుకుని అక్కడే మొదట తెగుతోంది. పాతవాటికి చుట్టిన ఊలు కత్తిరించి, విడిపోకుండా మొదట్లో ముడి వేస్తున్నాను. ఇంకా పదకొండు మిగిలాయి.