ఫ్రీ ఆయుర్వేద క్యాంప్, ఫ్రీ బాడీ స్కాన్ అంటున్నారా? రెండో గదిలోకి వెళ్ళే ముందు ఇది చదవండి

పోయిన నెల ఒక ఆదివారం పేపర్‌లో పెట్టి పాంప్లెట్ వేశారు. మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఉచిత ఆయుర్వేద శిబిరం, ఫుల్ బాడీ స్కాన్ ఫ్రీ, "షుగర్‌కు శాశ్వత పరిష్కారం". అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పదేళ్ళుగా షుగర్. "ఊరికే చూస్తారంట కదరా, పోయొద్దాం" అంది. క్లినిక్ పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు, వచ్చే నెల ఇంకో బోర్డుతో దిగుతారు.

ముందు పేరు, వయసు, ఎత్తు, బరువు అడిగి లాప్‌టాప్‌లో కొట్టుకున్నారు. తర్వాత వైరు తగిలించిన కడ్డీ ఒకటి అమ్మ చేతిలో పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు. స్క్రీన్ మీద గుండె, లివర్, కిడ్నీ బొమ్మలు రంగురంగుల్లో గిర్రున తిరిగాయి. నిమిషంలో రిపోర్టు రెడీ. ఎముకల్లో కాల్షియం తక్కువ, లివర్‌లో విషాలు, కిడ్నీ బార్డర్‌లో ఉందట. ఒక్క చుక్క రక్తం తీయలేదు.

తర్వాత మోకాలికి మినపపిండితో గట్టులా కట్టి, గోరువెచ్చని నూనె పోసి పావుగంట ఉంచారు. ఉన్న మాట చెప్పాలి, అమ్మకు హాయిగా అనిపించింది. ఆ పావుగంటే మమ్మల్ని పడేసింది.

అక్కడి నుంచి రెండో గది. తెల్లకోటు వేసుకున్న కుర్రాడు. డాక్టర్ కాదు, "హెల్త్ కౌన్సెలర్" అట. "అమ్మగారూ, ఇప్పుడు చూసుకోకపోతే ఆర్నెల్లలో డయాలసిసే" అన్నాడు. మూడు నెలల ప్యాకేజీ 45,000, ఈరోజే కడితే 24,000. అమ్మ ముఖం చూసి అడ్వాన్స్ 6,000 ఫోన్‌పే చేసేశాను. ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగుతారని మనమే జోకులేస్తాం. నేను డబ్బులిచ్చి మరీ తాగాను.

చేతిలో మూడు డబ్బాల పొడి పెట్టారు. మూత మీద పెన్నుతో "షుగర్, 2 పూటలు" అని రాసుంది, అంతే. లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, అందులో ఏం కలిపారో, ఎక్స్‌పైరీ, ఏదీ లేదు. ఆయుర్వేద మందైనా ఇవన్నీ లేబుల్ మీద ఉండి తీరాలి. "ఇంగ్లీషు మందులు మెల్లగా తగ్గించేయండి" అని కూడా చెప్పారట. అమ్మ నాకు చెప్పకుండా రోజూ వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మానేసింది. పన్నెండో రోజుకి దాహం, రాత్రి నాలుగైదుసార్లు బాత్రూమ్. పరగడుపున చూస్తే షుగర్ 286. డాక్టర్ పాత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి, కిడ్నీకి రక్తపరీక్ష రాశారు. క్రియాటినిన్ 0.8. శుభ్రంగా ఉంది. డయాలసిస్ అని భయపెట్టిన కిడ్నీ అది.

అప్పుడు నాకు ఆ కడ్డీ మీద పట్టుదల వచ్చింది. తర్వాతి ఆదివారం పక్క కాలనీలో వాళ్ళదే క్యాంప్. వెళ్ళి నా అసలు వయసు 41 చెప్పి స్కాన్ చేయించుకున్నా. అరగంటాగి, ఇంకో పేరు, 68 ఏళ్ళు అన్నా. టైప్ చేస్తున్న అమ్మాయి తలెత్తి కూడా చూడలేదు. అదే చెయ్యి, అదే కడ్డీ. మొదటి రిపోర్టులో బాగున్న ప్రోస్టేట్, మోకాళ్ళు రెండోదాంట్లో పాడైపోయాయి! దీన్నే క్వాంటమ్ అనలైజర్ అంటారు, ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఇది ఆయుర్వేదాన్ని తిట్టే పోస్ట్ కాదు. మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లిలో ఉబ్బసానికని వేసే చేప మందు మీద, మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా పనిచేసే జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఎన్నేళ్ళు గొడవ చేశారో తెలిసిందే. నాకూ దాని మీద నమ్మకం లేదు. కానీ అక్కడ చేప మింగాక రెండో గదిలోకి రమ్మనరు.

మీ ఇంటికీ ఇలాంటి పాంప్లెట్ వస్తే పారేయకండి, దాచండి. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం, కాబట్టి అదే మీ చేతిలో ఆధారం. చూసేది బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చదివిన డాక్టరేనా, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అని అడగండి. మేం అడగలేదు. ఎంత తొందరపెట్టినా ఆ రోజు మాత్రం డబ్బు కట్టకండి. షుగర్, బీపీ మాత్రలు మాత్రం మీ డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు.

నా రసీదు కింద చీమ తలకాయంత అక్షరాల్లో "నాన్ రిఫండబుల్" అని ఉంది. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టాను. డబ్బు ఇంకా రాలేదు. క్లినిక్ నుంచి ఫోన్ మాత్రం వచ్చింది, ఈసారి నాన్నగారిని తీసుకురమ్మని.